ఓపెన్‌సోర్స్ ప్రాసెసర్ కోర్: ఎక్కడ వెతకాలి, ఎలా ఎంచుకోవాలి

ప్రాసెసర్ కోర్, అంటే ఆదేశాలు చదివి పని చేసే ప్రాసెసర్ అసలు భాగం, దాని డిజైన్ ఉచితంగా దొరకడం ఇప్పుడు పెద్ద విషయం కాదు. వెతికితే కుప్పలుగా కనిపిస్తాయి. కష్టమంతా వాటిలో ఏది తీసుకోవాలన్న దగ్గరే. బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు కావచ్చు, చిన్న స్టార్టప్‌లో మొదటి చిప్ కావచ్చు, కోర్ ఎంపికలో తప్పు జరిగితే అది వెంటనే బయటపడదు. మూడు నెలలు కష్టపడ్డాక, రేపో ఎల్లుండో డెమో అనగా బయటపడుతుంది. అప్పుడు పడే టెన్షన్ నేను చాలామంది ముఖాల్లో చూశాను. అందుకే ఎంపిక కోసమే ఒక వారం కేటాయించుకోండి అని చెబుతుంటాను. ఆ వారం ఎలా గడపాలో ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది మొదట అడిగేది "ఏది ఎక్కువ స్పీడ్?" అని. నేను మొదట చూసేది, ఆ కోర్‌తో పాటు వచ్చిన టెస్టులు ఈ రాత్రికి నా ల్యాప్‌టాప్‌లో నడుస్తాయా లేదా అని. నడవకపోతే ఎంత గొప్ప కోరైనా పక్కన పెట్టేస్తాను. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

ఒక అపోహ కూడా ఇక్కడే తీర్చుకుందాం. రిస్క్-ఫైవ్ అనేది కోర్ కాదు. అది ఇన్‌స్ట్రక్షన్ సెట్, అంటే ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలు, వాటి నియమాలు. 2010లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో మొదలైంది. ఆ నియమాలు చదివి ఎవరైనా సొంతంగా కోర్ రాసుకోవచ్చు, ఎవరికీ ఫీజు కట్టనక్కర్లేదు. అలా రాసినవాళ్లు తమ కోడ్‌ను అందరికీ ఇవ్వాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు. సైఫైవ్ లాంటి కంపెనీలు రిస్క్-ఫైవ్ కోర్‌లను డబ్బుకు అమ్ముతాయి. కాబట్టి "రిస్క్-ఫైవ్" అని కనిపించగానే ఓపెన్‌సోర్స్ అనుకోకండి.

1. ముందు కాగితం మీద మీ అవసరం రాసుకోండి

వెతకడం మొదలుపెట్టక ముందే నాలుగు ప్రశ్నలకు జవాబు రాయండి. మీ దగ్గర ఉన్న ఎఫ్‌పీజీఏ బోర్డులో (మన డిజైన్‌ను పెట్టి నడిపి, మళ్లీ మార్చుకోగల చిప్ ఉన్న బోర్డు) ఎంత చోటుంది? దాని మీద లైనక్స్ నడవాలా, లేక ఒక్క సీ ప్రోగ్రాం నడిస్తే చాలా? ప్రోగ్రాం మధ్యలో ఆపి రిజిస్టర్లు (కోర్ లోపల విలువలు దాచుకునే చోట్లు) చూడటానికి డీబగ్గర్ కావాలా? తయారైన వస్తువును అమ్ముతారా?

మొదటి ప్రశ్నకు జవాబు అంకెల్లో ఉండాలి. ఎఫ్‌పీజీఏలో చోటును లట్‌లలో, అంటే అందులోని చిన్న చిన్న లాజిక్ ముక్కల్లో లెక్కిస్తారు. చవగ్గా దొరికే టాంగ్ నానో 9కేలో 8,640 లట్‌లు ఉంటాయి. లాటిస్ ఐస్40 యూపీ5కేలో 5,280. కాలేజీ ల్యాబుల్లో తరచూ కనిపించే ఆర్టీ ఎ7-35టీలో 20,800. లైనక్స్ నడిపే 64-బిట్ కోర్ సీవీఏ6ను దాని బృందం ప్రధానంగా చూపించే బోర్డు జెనెసిస్ 2. అందులో 2,03,800 లట్‌లు ఉన్నాయి. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, 35టీ బోర్డు కోసం అలాంటి కోర్ వైపు చూడకూడదని తెలిసిపోతుంది. నేను మొదట్లో ఈ లెక్క వేసుకోకుండానే ఓ 64-బిట్ కోర్ ఎత్తుకుని చిన్న బోర్డులో పెట్టబోయాను. రాత్రంతా సింథసిస్ (కోడ్‌ను చిప్‌లోని లాజిక్‌గా మార్చే పని) నడిచి, తెల్లారేసరికి "చోటు చాలదు" అన్న ఎర్రటి లైను కనిపించింది. పది నిమిషాల లెక్కతో తప్పించుకోగలిగిన రాత్రి అది.

ఒక జాగ్రత్త. అన్ని కంపెనీల లట్‌లూ ఒకటి కావు. ఆర్టీలో ఉండే ఆర్టిక్స్-7 లట్‌కు ఆరు ఇన్‌పుట్లు, ఐస్40 లట్‌కు నాలుగే. సెర్వ్ అనే అతి చిన్న కోర్ ఆర్టిక్స్-7లో 125 లట్‌లలో పడుతుందని, ఐస్40లో 198 అవుతుందని దాని పేజీలోనే రాసి ఉంటుంది. కోర్ ఒకటే, చోటు లెక్క మారింది. ఎవరైనా "మా కోర్ ఇన్ని లట్‌లే" అంటే ఏ చిప్ మీద అని అడగండి.

2. ఎక్కడ వెతకాలి

పాత తరం వాళ్లకు తెలిసిన చోటు ఓపెన్‌కోర్స్ వెబ్‌సైట్. 1999 నుంచి ఉంది. ఓపెన్‌రిస్క్ అక్కడే పుట్టింది. ఇప్పటికీ చూడదగ్గదే, కానీ అక్కడ ప్రాజెక్టు పక్కన "ఎఫ్‌పీజీఏ ప్రూవెన్", "డిజైన్ డన్" లాంటి ముద్రలు కనిపిస్తాయి. అవి రాసినవారు తమకు తాము వేసుకున్న ముద్రలు. ఎవరో తనిఖీ చేసి ఇచ్చిన సర్టిఫికెట్లు కావు.

ఇప్పుడు అసలు పని అంతా గిట్‌హబ్‌లో జరుగుతోంది. అక్కడ ఊరికే రిస్క్-ఫైవ్ అని కొడితే సెమిస్టర్ అసైన్‌మెంట్లు కూడా వరదలా వస్తాయి. కాబట్టి వ్యక్తుల పేర్లు, సంస్థల పేర్లు పట్టుకుని వెళ్లండి. ఐబెక్స్ కోసం లోరిస్క్ పేజీకి, సీవీఏ6, సీవీ32ఈ40పీ కోసం ఓపెన్‌హెచ్‌డబ్ల్యూ గ్రూప్ పేజీకి, వెస్టర్న్ డిజిటల్ తెరిచి ఇచ్చిన కోర్‌ల కోసం చిప్స్ అలయెన్స్‌కు. ఒక్కరే రాసి ప్రపంచమంతా వాడుతున్నవీ ఉన్నాయి. క్లెయిర్ వోల్ఫ్ రాసిన పికోఆర్‌వీ32, ఓలోఫ్ చిండ్‌గ్రెన్ రాసిన సెర్వ్, చార్ల్స్ పాపోన్ రాసిన వెక్స్‌రిస్క్‌వీ, స్టీఫన్ నోల్టింగ్ రాసిన నియోఆర్‌వీ32, ల్యూక్ రెన్ రాసిన హజార్డ్3. ఈ ఐదూ ఒక మనిషి ఎంత చేయగలడో చూపించే పనులు. ఏదీ వాడకపోయినా వీటిలో ఒకదాని కోడ్ చదవండి.

మన దగ్గరి కోర్ శక్తి. ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ వి. కామకోటి బృందం చేసింది. దాన్ని గిట్‌ల్యాబ్‌లో వెతకాలి, గిట్‌హబ్‌లో కాదు. లైసెన్స్ బీఎస్‌డీ, అంటే వాడుకోవడానికి ఇబ్బంది లేదు. చిన్న ఈ-క్లాస్, దానికంటే పెద్ద సీ-క్లాస్ అని రెండు ముఖ్యమైన రకాలున్నాయి. ఏ బోర్డుకు ఏది అన్నది కూడా వాళ్లే పేర్లు పెట్టి ఇచ్చారు: ఆర్టీ 35టీ మీద ఈ-క్లాస్ పెట్టిన అమరిక పినాక, 100టీ మీద ఈ-క్లాస్ అయితే పరశు, 100టీ మీద సీ-క్లాస్ అయితే వజ్ర. బోర్డు పేరు చూసి కోర్ తీసుకునే ఈ పద్ధతి కొత్తవాళ్లకు ఎంతో మేలు.

రిస్క్-ఫైవ్ కానివి కూడా మరిచిపోకండి. స్పార్క్ అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ వాడే లియోన్3 ఉంది. ఐబీఎం 2019లో పవర్ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌ను తెరిచినప్పుడు వచ్చిన మైక్రోవాట్ ఉంది. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా సలహా రిస్క్-ఫైవే. కారణం కోర్ కాదు, చుట్టూ ఉన్న సామగ్రి: కంపైలర్, సిమ్యులేటర్, టెస్టులు, సందేహం వస్తే జవాబు చెప్పే మనుషులు. ఆర్మ్ కంపెనీకి చెందిన ఆదేశాలు నడిపే కోర్ ఎవరైనా రాసి పెట్టారని కనిపిస్తే, నేర్చుకోవడానికి చదవండి. అమ్మే వస్తువులో పెట్టే ముందు మాత్రం లాయర్‌ను అడగండి.

ఇక్కడికి మీ దగ్గర ఐదారు పేర్ల జాబితా ఉండాలి. పదిహేను ఉంటే తగ్గించండి.

3. లైసెన్స్ ఫైలు తెరిచి చదవండి

ఫోల్డర్‌లో లైసెన్స్ అనే ఫైలు లేకపోతే ఆ కోర్‌ను జాబితాలోంచి కొట్టేయండి. కోడ్ కంటికి కనిపిస్తోంది కాబట్టి వాడుకోవచ్చు అనుకుంటాం. కాపీరైట్ దృష్టిలో అనుమతి రాసి ఇవ్వనంతవరకు హక్కులన్నీ రాసినవారివే. మనసు ఒప్పకపోతే రాసినవారికి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. చాలాసార్లు మరిచిపోయి ఉంటారు, అడిగితే ఫైలు చేరుస్తారు.

ఐఎస్‌సీ, ఎంఐటీ, బీఎస్‌డీ, అపాచీ 2.0 అని ఉంటే నిశ్చింతగా ముందుకెళ్లండి. పేరు, లైసెన్స్ కాపీ ఉంచితే అమ్ముకోవచ్చు కూడా. పికోఆర్‌వీ32, సెర్వ్ ఐఎస్‌సీలో, వెక్స్‌రిస్క్‌వీ ఎంఐటీలో, ఐబెక్స్, హజార్డ్3 అపాచీలో ఉన్నాయి. అపాచీలో పేటెంట్ల గురించి కూడా స్పష్టంగా రాసి ఉంటుంది కాబట్టి కంపెనీలు దాన్ని ఇష్టపడతాయి. సోల్డర్‌ప్యాడ్ అని కనిపిస్తే కంగారు పడకండి, అపాచీనే హార్డ్‌వేర్‌కు తగ్గట్టు మార్చిన రూపం అది.

జీపీఎల్ దగ్గర ఆగాలి. దాంతో కలిపి చేసినదాన్ని ఇతరులకు ఇచ్చేటప్పుడు దాని కోడ్ కూడా తెరవాలనే లైసెన్స్ అది. సాఫ్ట్‌వేర్‌లో "లింక్ చేయడం" అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఒక చిప్‌లో జీపీఎల్ కోర్ పక్కన మీ సొంత బ్లాక్ పెడితే అది కూడా తెరవాలా అన్నది అంత తేలిగ్గా తెగే ప్రశ్న కాదు. లియోన్3 జీపీఎల్‌లో దొరుకుతుంది. చదువుకోసం అయితే ఏ ఇబ్బందీ లేదు. వ్యాపారం అయితే దాన్ని చేసిన కంపెనీ దగ్గరే కమర్షియల్ లైసెన్స్ తీసుకోవచ్చు. హార్డ్‌వేర్‌కే రాసిన లైసెన్స్‌లలో సెర్న్ (యూరప్‌లోని అణు పరిశోధన సంస్థ) వాళ్లది బాగుంటుంది. దానికి ఎస్, డబ్ల్యూ, పీ అని మూడు రకాలు. ఎస్ అంటే కఠినం, పీ అంటే సడలింపు, డబ్ల్యూ మధ్యస్థం. చివరి అక్షరం చూడకుండా వదిలేయకండి.

4. అక్షరాలు, భాష

రిస్క్-ఫైవ్ కోర్ పేరు పక్కన ఆర్‌వీ32ఐఎంసీ లాంటి అక్షరాలుంటాయి. 32 అంటే బిట్లు. ఐ అంటే కనీస ఆదేశాలు. ఎం ఉంటే గుణకారం, భాగహారం హార్డ్‌వేర్‌లో ఉన్నట్టు. సీ అంటే 16-బిట్ల పొట్టి ఆదేశాలు, ప్రోగ్రాం మెమరీ ఆదా అవుతుంది. ఏ అంటే అటామిక్ (మధ్యలో తెగకుండా జరిగే మెమరీ పనులు), ఎఫ్, డీ అంటే దశాంశ లెక్కలు. ఐ బదులు ఈ ఉంటే 32 రిజిస్టర్ల స్థానంలో 16 మాత్రమే. డెబియన్, ఫెడోరా లాంటి మామూలు లైనక్స్ కావాలంటే ఆర్‌వీ64జీసీ ఉండాలి (జీ అంటే ఐ, ఎం, ఏ, ఎఫ్, డీ అన్నీ ఉన్నట్టు). 32-బిట్ కోర్ మీద కూడా లైనక్స్ నడుస్తుంది, కాకపోతే బిల్డ్‌రూట్ అనే టూల్‌తో మీరే తయారు చేసుకోవాలి.

అక్షరాలు చెప్పని విషయం ఇంటరప్టులు, అంటే బయటి సంకేతం రాగానే నడుస్తున్న పని ఆపి దాన్ని చూసే ఏర్పాటు. పికోఆర్‌వీ32 ఇంటరప్టుల పద్ధతి రిస్క్-ఫైవ్ ప్రామాణిక పద్ధతి కాదు, దానికి సొంత ఆదేశాలున్నాయి. చిన్న పనికి ఏ నష్టమూ లేదు. కానీ ఫ్రీఆర్‌టాస్ లాంటి చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చి పెట్టేద్దాం అనుకుంటే అక్కడ చాలా పని ఉంటుంది. లైనక్స్ సంగతైతే మరిచిపోవచ్చు. డాక్యుమెంటులో "ప్రివిలెజ్డ్ స్పెక్" (ఇంటరప్టుల లాంటి వాటికి రిస్క్-ఫైవ్ ప్రామాణిక నియమాలు) అన్న మాట ఉందో లేదో వెతకండి.

కోర్ ఏ హార్డ్‌వేర్ భాషలో రాశారో కూడా చూడండి. పికోఆర్‌వీ32 మామూలు వెరిలాగ్, ఒకే ఫైలు, సుమారు మూడు వేల లైన్లు. నియోఆర్‌వీ32 వీహెచ్‌డీఎల్. ఐబెక్స్ సిస్టమ్‌వెరిలాగ్. రాకెట్, బూమ్ చిజెల్‌లో, వెక్స్‌రిస్క్‌వీ స్పైనల్‌హెచ్‌డీఎల్‌లో, శక్తి బ్లూస్పెక్‌లో రాశారు. చివరి మూడు భాషల నుంచీ వెరిలాగ్ పుడుతుంది. పుట్టిన ఆ వెరిలాగ్ మనిషి చదవడానికి రాసింది కాదు. మార్పులు చేయాలనుకుంటే అసలు భాష నేర్చుకోవాల్సిందే. బ్లూస్పెక్ కంపైలర్ 2020లో ఓపెన్‌సోర్స్ అయింది కాబట్టి శక్తికి ఇప్పుడు ఆ ఆటంకం లేదు. గడువు మూడు నెలలే ఉంటే, మీకు ఇప్పటికే వచ్చిన భాషలో ఉన్న కోర్ తీసుకోండి. ఆరు నెలలు పైన ఉంటే కొత్త భాష నేర్చుకోవడం వృథా కాదు.

5. ఈ రాత్రికే టెస్టులు నడపండి

ఈ మొత్తం రాయడానికి కారణం ఈ అడుగే.

భీమవరం వైపు చదివే ముగ్గురు విద్యార్థులు రొయ్యల కోల్డ్ స్టోరేజ్ కోసం ఉష్ణోగ్రత చూపే పరికరం చేశారు. ఎఫ్‌పీజీఏ బోర్డు, దాని మీద నెట్‌లో దొరికిన ఓ చిన్న కోర్, ఒక సెన్సర్, ఒక చిన్న స్క్రీన్. క్లాసులో 31 చూపించింది. క్యాంటీన్ ఫ్రిజ్‌లో పెడితే 5 చూపించింది. అంతా సరిగ్గా ఉందనుకుని కోల్డ్ స్టోరేజ్‌కు తీసుకెళ్లారు. మైనస్ 18 ఉండే గదిలో స్క్రీన్ మీద 238 వచ్చింది.

సెన్సర్ మార్చారు. వైర్లు మార్చారు. ప్రోగ్రాం తిరగరాశారు. మూడు వారాలు పోయాయి. నా దగ్గరికి తెచ్చినప్పుడు 238 చూడగానే ఒకటి తట్టింది: 256లోంచి 18 తీసేస్తే 238. అంటే ఎనిమిది బిట్ల రుణ సంఖ్యను ఎక్కడో ధన సంఖ్యగా చదువుతున్నారు. మొదట ప్రోగ్రాంనే అనుమానించాను. రిస్క్-ఫైవ్‌లో సీ భాషలోని చార్‌ను కంపైలర్ ధన సంఖ్యగానే తీసుకుంటుంది, చాలామంది అక్కడే పడతారు. కానీ ఆ పిల్లలు జాగ్రత్తగా సైన్డ్ చార్ (రుణ సంఖ్యలనూ తీసుకునే రకం) అనే రాశారు. కంపైలర్ ఇచ్చిన ఆదేశాలు తీసి చూస్తే అక్కడా సరైన ఆదేశమే, ఎల్‌బీయే ఉంది. తప్పు కోర్‌లో దొరికింది. ఎల్‌బీ ఆదేశం మెమరీ నుంచి ఒక బైట్ తెచ్చి, మిగిలిన 24 బిట్లనూ ఆ బైట్ పై బిట్‌తో నింపాలి. ఆ కోర్ వాటిని సున్నాలతో నింపుతోంది. మన వాతావరణంలో ఉష్ణోగ్రత సున్నా కిందికి పోదు కాబట్టి ఆ తప్పు ఎవరికీ కనబడలేదు.

రిస్క్-ఫైవ్ టెస్టులని అందరూ వాడే ఒక సెట్ ఉంది. అందులో ఎల్‌బీ కోసం రాసిన మొట్టమొదటి పరీక్షే ఇది: మెమరీలో 255 పెట్టి ఎల్‌బీతో చదివితే మైనస్ 1 రావాలి. ఆ కోర్ ఫోల్డర్‌లో టెస్టులు లేవు. ఉండి ఉంటే మూడు వారాల పని మూడు సెకన్లలో తేలేది.

కాబట్టి మీ జాబితాలోని ప్రతి కోర్‌కూ ఇలా చేయండి. ల్యాప్‌టాప్‌లో లైనక్స్, లేదా విండోస్‌లోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకోండి. కోర్‌ను ల్యాప్‌టాప్‌లోనే నడిపి చూపే సిమ్యులేటర్లు ఐకారస్ వెరిలాగ్, వెరిలేటర్ ఇన్‌స్టాల్ చేయండి, రెండూ ఉచితం. వీహెచ్‌డీఎల్ కోర్‌కైతే జీహెచ్‌డీఎల్. ఆ తర్వాత కోర్‌ను గిట్ క్లోన్ చేసి (మీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ తెచ్చుకుని), దాని రీడ్‌మీలో చెప్పిన టెస్ట్ కమాండ్ ఉన్నది ఉన్నట్టు కొట్టండి.

చేయి తిరగడానికి పికోఆర్‌వీ32తో మొదలుపెట్టండి. దానిలో కంపైలర్ కూడా అక్కర్లేని చిన్న టెస్ట్ ఉంది. మేక్ అని కొట్టి, ఖాళీ వదిలి, టెస్ట్, అండర్‌స్కోర్, ఆ తర్వాత ఇ, జెడ్ అక్షరాలు కొట్టండి. స్క్రీన్ మీద లైన్లు పరుగెడతాయి. వాటిని ఆపి ఒక్కొక్కటీ చదవండి. అందులో ఉన్నది ఆరే ఆదేశాలు. ఒకటో రిజిస్టర్‌లో 1020 పెట్టు, ఆ చిరునామాలో సున్నా రాయి, అక్కడున్నది చదువు, ఒకటి కలుపు, తిరిగి రాయి, మళ్లీ చదివే చోటికి వెళ్లు. "ఐఫెచ్" అని ఉన్న లైను అంటే కోర్ ఆదేశాన్ని తెచ్చుకుంటోంది. "రైట్" అని ఉన్న లైనులో చిరునామా 3ఎఫ్‌సీ అని కనిపిస్తుంది. 1020ని హెక్స్‌లో రాస్తే అదే. పక్కన విలువ 0, 1, 2, 3 అని పెరుగుతూ పోతుంది. ఒక ప్రాసెసర్ మీ కళ్ల ముందు లెక్కపెడుతోంది. నేను మొదటిసారి ఆ లైన్లు చదివిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత రిస్క్-ఫైవ్ జీసీసీ కంపైలర్ పెట్టుకుని, ఈసారి మేక్ టెస్ట్ అని మాత్రమే కొట్టండి. ఒక్కో ఆదేశం పేరు, పక్కన ఓకే అని వరుసగా వస్తాయి. ఆ వరుసలో ఎల్‌బీని చూడగానే నాకు ఆ రొయ్యల గది గుర్తొస్తుంది. ప్రధాన సంఖ్యలు లెక్కగట్టి, చివర ఒక ఆదేశానికి సగటున ఎన్ని క్లాకులు (కోర్ గడియారం టిక్కులు) పట్టాయో కూడా చెబుతుంది. "ఆల్ టెస్ట్స్ పాస్డ్" వస్తే సరే.

మిగతా కోర్‌లకూ ఇదే. ఒక సాయంత్రంలో టెస్టులు నడవని కోర్‌కు ఇంకొక్క సాయంత్రం ఇవ్వండి, అంతే. అప్పటికీ నడవకపోతే కొట్టేయండి. తప్పు మీ ఇన్‌స్టాలేషన్‌లోనే ఉండొచ్చు. అయినా సరే, రేపు నిజమైన బగ్ వస్తే మీకు ఆసరా ఉండదు.

కోడ్‌లో ఆర్‌వీఎఫ్ఐ అన్న నాలుగు అక్షరాలు కూడా వెతకండి. కోర్ చేసే ప్రతి పనినీ బయటికి చూపించే ద్వారం అది. దాన్ని వాడి గణిత పద్ధతిలో కోర్ సరైనదో కాదో పరీక్షిస్తారు. పికోఆర్‌వీ32లో, ఐబెక్స్‌లో ఉంది. ఆ ద్వారం పెట్టినవాళ్లు తమ కోర్‌ను ఎవరైనా పరీక్షించుకోవచ్చని తలుపు తెరిచి పెట్టినట్టు. నాకు అలాంటివాళ్ల మీద గౌరవం.

గిట్‌హబ్ స్టార్లు, చివరి మార్పు తేదీ చూసి మోసపోకండి. పూర్తయిన కోర్‌కు రోజూ మార్పులు ఉండవు. దానికి బదులు ఇష్యూల పేజీలో మూసేసిన బగ్గులు చదవండి. బగ్ ఎవరు చెప్పారు, రాసినవారు ఎలా జవాబిచ్చారు, సరిచేశాక దానికో టెస్ట్ చేర్చారా అన్నది చూస్తే అరగంటలో ఆ ప్రాజెక్టు నడవడి తెలిసిపోతుంది.

6. స్పీడ్ అంకెలు ఎలా చదవాలి

కోర్‌మార్క్, డ్రైస్టోన్ అనే కొలతలు కనిపిస్తాయి. ఐబెక్స్ పేజీలో మెగాహెర్ట్జ్‌కు 0.904 కోర్‌మార్క్ నుంచి 3.13 దాకా అంకెలున్నాయి. కోర్ ఒకటే! చిన్నగా అమరిస్తే మొదటిది, అన్ని హంగులతో అమరిస్తే రెండోది. పికోఆర్‌వీ32 కూడా అంతే, చిన్న అమరికలో 761 లట్‌లు, పెద్ద అమరికలో 2,019. ఒక పేజీలోని చిన్న సైజునూ ఇంకో పట్టికలోని పెద్ద వేగాన్నీ కలిపి చూసి సంబరపడితే తర్వాత బాధపడతారు. సైజు, వేగం ఒకే అమరికవి అయితేనే లెక్కలోకి తీసుకోండి.

సెర్వ్ ఒక ఆదేశానికి ముప్పైకి పైగా క్లాకులు తీసుకుంటుంది, ఒక్కో బిట్‌గా లెక్క చేస్తుంది కాబట్టి. పికోఆర్‌వీ32 సగటున నాలుగు. నిమిషానికోసారి ఉష్ణోగ్రత చదివే పనికి సెర్వ్ కూడా ఎక్కువే. మీ పనికి సెకనుకు ఎన్ని ఆదేశాలు కావాలో లెక్కేసుకుంటే, స్పీడ్ మీద మోజు చాలావరకు తగ్గిపోతుంది.

7. బోర్డు మీద పెట్టి చూడండి

జాబితాలో ఇప్పుడు రెండో మూడో మిగిలి ఉంటాయి. ప్రతిదాన్నీ ఎల్ఈడీ వెలిగించే చిన్న ప్రోగ్రాంతో మీ బోర్డుకు సింథసిస్ చేయండి. ఐస్40, ఈసీపీ5 బోర్డులకు యోసిస్, నెక్స్ట్‌పీఎన్ఆర్ అనే టూల్స్ చాలు, ఆర్టీకి వివాడో. రిపోర్టులో రెండు అంకెలు రాసుకోండి: ఎన్ని లట్‌లు, ఎంత ఫ్రీక్వెన్సీ. కోర్ ఒక్కటే సగం కంటే ఎక్కువ చోటు తినేస్తే వద్దు, మీ సొంత లాజిక్‌కు చోటు మిగలాలి. సిస్టమ్‌వెరిలాగ్ కోర్‌ను యోసిస్ నేరుగా మింగకపోతే ఎస్‌వీ2వీ అనే టూల్‌తో వెరిలాగ్‌గా మార్చుకోవచ్చు.

కోర్‌కు బయటి ప్రపంచంతో బంధం బస్. విష్‌బోన్, ఏఎక్స్ఐ, ఏహెచ్‌బీ, టైల్‌లింక్ ఇలా రకరకాలు. మీరు వాడబోయే యూఏఆర్‌టీ (సీరియల్ పోర్టు), మెమరీ కంట్రోలర్ ఏ బస్‌వో అదే బస్ ఉన్న కోర్ తీసుకోండి. ఆ చిక్కంతా వద్దనుకుంటే లైట్‌ఎక్స్ వాడండి. కోర్ పేరు, బోర్డు పేరు చెబితే మిగతాదంతా అదే కూడుస్తుంది. వెక్స్‌రిస్క్‌వీతో ఆర్టీ మీద 32-బిట్ లైనక్స్ నడపడానికి ఇప్పుడున్న దగ్గరి దారి అదే.

8. చిప్ చేయించేవాళ్లకు

ఎఫ్‌పీజీఏలో తప్పు దొరికితే సాయంత్రానికి సరిచేస్తాం. చిప్‌లో ఆ వీలు లేదు. కాబట్టి ఇప్పటికే సిలికాన్ మీద నడిచిన కోర్ వైపే మొగ్గండి. హజార్డ్3 2024లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై పికో 2 బోర్డులోని ఆర్‌పీ2350 చిప్‌లో ఉంది. బోర్డు కొని ఆ కోర్ మీద ప్రోగ్రాం నడిపి చూడొచ్చు, ఆ కోర్ వెరిలాగ్ చదవనూ వచ్చు. ఇలాంటి అవకాశం అరుదు. ఐబెక్స్ ఓపెన్‌టైటాన్ సెక్యూరిటీ చిప్‌లో ఉంది, దాని వెరిఫికేషన్ పత్రాలు కూడా తెరిచి ఉంచారు. శక్తి 2018లో ఇంటెల్ 22 నానోమీటర్లలో, ఆ తర్వాత చండీగఢ్ పక్కన మొహాలీలో ఉన్న సెమీకండక్టర్ ల్యాబొరేటరీలో 180 నానోమీటర్లలో చిప్‌గా వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఐఐటీ మద్రాసు, ఇస్రో కలిసి ప్రకటించిన ఐరిస్ చిప్‌లో ఉన్నదీ శక్తి ఆధారిత ప్రాసెసరే.

నన్నడిగితే

చిన్న బోర్డు, మొదటి ప్రాజెక్టు అయితే పికోఆర్‌వీ32. చోటు మరీ తక్కువైతే సెర్వ్. డీబగ్గర్ కావాలి, వీహెచ్‌డీఎల్ వచ్చు అంటే నియోఆర్‌వీ32. దాని డాక్యుమెంటేషన్ లాంటిది ఒంటరిగా పనిచేసే మనిషి రాయడం నేను ఇంకెక్కడా చూడలేదు. వెరిలాగ్‌లో డీబగ్గర్ కావాలంటే హజార్డ్3. చిన్న బోర్డు మీద లైనక్స్ అంటే వెక్స్‌రిస్క్‌వీ, పెద్ద బోర్డు ఉంటే శక్తి సీ-క్లాస్ లేదా సీవీఏ6. అమ్మే చిప్ అయితే ఐబెక్స్‌తో మొదలుపెట్టి, దానికి ఏం తక్కువైందో రాసుకుని అప్పుడు ఇంకోటి చూడండి.

ఎంచుకున్న రోజే చేయాల్సిన పని ఇంకొకటుంది. కోర్‌ను విడి ఫోల్డర్‌లో పెట్టి, ఏ కమిట్ (కోడ్ ఏ దశలోదో చెప్పే గుర్తు) తీసుకున్నారో ఆ నంబరు, తేదీ నోట్‌బుక్‌లో రాయండి. లైసెన్స్ ఫైలు కాపీ పక్కనే ఉంచండి. ఆ ఫోల్డర్‌లో మీ చేతి మార్పు ఒక్కటి కూడా వద్దు, మీ మార్పులన్నీ బయట రాసే మాడ్యూల్‌లోనే. బగ్ దొరికితే ముందు దాన్ని బయటపెట్టే పది లైన్ల ప్రోగ్రాం రాసి, ఏం రావాలి, ఏం వస్తోంది, ఏ కమిట్‌లో అన్న మూడు ముక్కలతో ఇష్యూ పెట్టండి. ఆ ముగ్గురు పిల్లలతో నేను రాయించిన ఇష్యూలో ఉన్నది కూడా అంతే: మెమరీలో 238 పెట్టాం, ఎల్‌బీతో చదివాం, మైనస్ 18 రావాలి, 238 వస్తోంది.